ఊట దారిలో పద్నాలుగో మందుపాతర

మధ్యాహ్నం రెండూ ఇరవైకి మా లారీ ఊరి మొదట్లో ఆగింది. 1996, మే నెల మొదటి వారం. ఆఫ్రికాలో అంగోలా దేశం, మధ్య పీఠభూమి, సముద్ర మట్టానికి పన్నెండు వందల మీటర్ల ఎత్తు. వానలు వారం కిందటే ఆగిపోయాయి. గాలి చల్లగా, పొడిగా ఉంది. మేం తొమ్మిదిమందిమి, ఐక్యరాజ్య సమితి శాంతి సేనలో మన దేశపు సాపర్లం, అంటే మందుపాతరలు తీసే సిపాయిలం. నెత్తిన నీలం హెల్మెట్లు, ఒంటిమీద బరువైన వెస్టులు, రెండు మెటల్ డిటెక్టర్లు, ఒక రేడియో సెట్టు, పన్నెండు రోజుల రేషను. ఆర్డరు ఒక్కటే. ఊరి నుంచి కొండమీది ఊటకు పోయే దారిలో మందుపాతరలు తీసేయాలి. పన్నెండో రోజు పొద్దున మెయిన్ రోడ్డు మీదికి వచ్చేయాలి.

లారీ దిగి తలెత్తి చూశాను. ఎదురుగా కొండలు. ఒకదానిమీద ఒకటి ఎక్కించిన గుండ్రాళ్లు, నడుమ ముళ్ల చెట్లు, కింద ఎర్రమట్టి. పుంగనూరు నుంచి చౌడేపల్లెకు బస్సులో పోతూ కిటికీలోంచి చిన్నప్పటినుంచి చూసిన కొండలే ఇవి! మా రేడియో ఆపరేటరుది కుప్పం పక్క పల్లె. వాడు బ్యాగు కింద పడేసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"అన్నా, ఇంత దూరం ఏరోప్లేన్లో తీసకచ్చి మళ్లా మనూర్లోనే దించినారు సూడు" అన్నాడు.

కానీ ఇళ్లు మాత్రం మనవి కావు. ఏడు ఇళ్లు, ఏడింటికీ నిటారు పెంకుల కప్పులు. మంచు పడితే జారిపోవడానికి కట్టే కప్పులవి. ఆ ఊళ్లో మంచు ఎప్పుడూ పడలేదు. గంట లేని చిన్న చర్చి ఒకటి, కాఫీ గింజలు ఎండబెట్టే సిమెంటు కళ్లం ఒకటి, కప్పు లేచిపోయిన బడి గది ఒకటి. అంతే ఊరు.

మాతో వచ్చిన దుబాసీ మెయిన్ రోడ్డు మీది పట్నంలో స్కూలు మాస్టరు. ఊరి సంగతి ఆయనే చెప్పాడు. ఇది జర్మన్లు కట్టుకున్న ఊరట. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిపోయాక ఆఫ్రికాలోనే వేరే చోట వాళ్ల భూములు పోయాయి. తర్వాత కొన్నేళ్లకు ఏడు కుటుంబాలు ఎద్దుబండ్ల మీద ఇక్కడికి వచ్చాయి. అడవి కొట్టి కాఫీ నాటారు, రాయి చెక్కి ఇళ్లు కట్టారు. నోయ్‌డోర్ఫ్ అని పేరు పెట్టుకున్నారు. అంటే కొత్తూరు. మా చిత్తూరు జిల్లాలో కొత్తూర్లకూ కొత్తపల్లెలకూ కొదవా! పొట్ట చేతబట్టుకుని వచ్చినవాడు ఏ దేశంలో దిగినా అదే పేరు పెడతాడు కాబోలు అనుకున్నాను.

1975లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, వెంటనే యుద్ధమూ వచ్చింది. ఒకరోజు పొద్దున ఏడు కుటుంబాలూ నాలుగు లారీల్లో దక్షిణానికి వెళ్లిపోయాయి. కాఫీ కోసే కూలీలు గుడిసెల్లోంచి ఆ ఇళ్లలోకి మారారు. మేం వెళ్లేనాటికి ఏడు ఇళ్లలో పదకొండు కుటుంబాలు ఉన్నాయి. కిందటేడు పదహారు ఉండేవట.

ఆ అయిదు కుటుంబాలు ఎందుకు వెళ్లిపోయాయో మార్తా చెప్పింది. ఊరికి పెద్దది ఆవిడే. అరవై దాటి ఉంటాయి. కూలివాళ్ల బిడ్డ, ఈ ఊరి జర్మన్ బడి మాస్టరు ఇంట్లో వంటమనిషిగా చేసింది. కొండ నడుమ బండ పగుల్లో ఊట ఉంది, ఏడాది పొడవునా ఆగదు. జర్మన్లు దాని దాకా రాతి మెట్లు కట్టారు. వాళ్లున్న రోజుల్లో కూలివాళ్లు ఆ మెట్లు ఎక్కకూడదు, కింద పొర్లివచ్చిన నీళ్లు పట్టుకోవాలి. వాళ్లు పోయాక పదిహేడేళ్లు ఆ ఊట అందరిదీ అయింది. నాలుగేళ్ల కిందట సైనికులొచ్చి మెట్ల పక్కన మందుపాతరలు పెట్టి పోయారు. ఏ పక్షం వాళ్లో ఆవిడ చెప్పలేదు, మేం అడగలేదు. అప్పటినుంచి వానాకాలంలో ఇళ్ల పక్క వంకలో నీళ్లు, అది ఎండితే ఆరు కిలోమీటర్ల దూరంలో ఏరు.

"వంక ఇంకో నెల పారుతుంది. ఆలోపు ఊట తెరిస్తే ఉంటాం. లేదంటే రోడ్డు పక్కన డేరాల్లోకి పోతాం. పోయినవాళ్లు తిరిగి రారు, అది నాకు బాగా తెలుసు" అంది. దుబాసీ మాస్టరు మాట మాటా తర్జుమా చేశాడు.

మా నాయన పరాయి చేలల్లో టమాటా కోసే కూలి. మా వీధికి నీళ్లంటే పెద్ద రైతు బోరే. ఆయన మోటరు ఆపితే మా అమ్మ బిందె తిరగేసుకుని ఇంటికి రావడమే. ఆ బిందె నేనూ మోశాను. అందుకే చెబుతున్నా, ఆ పనిని నేను డ్యూటీగా చేయలేదు, పంతంగా చేశాను.

మా చేతిలో ఒక కాగితం ఉంది. మందుపాతరలు పెట్టినవాళ్లలో ఒకడు ఆయుధాలు అప్పగించి శిబిరంలో ఉన్నాడు, వాడు గీసిచ్చిన పటం. మెట్లు కింది నుంచి పైకి లెక్క. ప్రతి మూడో మెట్టు పక్కన ఒకటి, మెట్టు అంచుకు చేయి చాపినంత దూరంలో. మొదటిది ఎడమ పక్క, రెండోది కుడి, మళ్లీ ఎడమ. మొత్తం పద్నాలుగు. మెట్లెన్నో రాయలేదు.

పొద్దున ఆరున్నరకు మొదలు, పదకొండున్నరకు ఆపడం. ఒక్కొక్కరు ఇరవై నిమిషాలు పని, ఇరవై నిమిషాలు విశ్రాంతి. డిటెక్టరు పెడితే అడుగడుక్కీ కూత. అరవై ఏళ్లుగా మనుషులు నడిచిన దారి కదా, మేకులు, గుర్రపు లాడాలు, పిల్లల బూట్ల బకిల్స్, డబ్బా మూతలు. ప్రతి కూతకూ బోర్లా పడుకుని సన్నటి ఇనుప పుల్లను వాలుగా మట్టిలోకి గుచ్చాలి. రెండంగుళాలకో పోటు. నిలువుగా గుచ్చితే పాతర నెత్తిన తగులుతుంది, ఇంక చెప్పేదేముంది. మధ్యలో నేను మెట్ల కింద ఎడమపక్కనున్న జామచెట్టు మొదట్లో కూలబడి నీళ్లు తాగేవాణ్ణి. రోజూ అదే చోటు.

మొదటి పాతర మూడో మెట్టు దగ్గరే దొరికింది. బూట్ పాలిష్ డబ్బా అంత ఉంది. కానీ కుడిపక్కన.

"పటంలో ఎడమ అని ఉంది కదా సాబ్" అన్నాను.

మా సుబేదార్ సాబ్‌ది పలమనేరు దాటినాక తమిళనాడు సరిహద్దు. తెలుగు బాగా వచ్చు. "ఆయప్ప పైన నిలబడి కిందికి సూస్తా గీసినాడప్పా. కుడి ఎడమా తారుమారైంది, అంతే" అన్నాడు.

నిజమే అనిపించింది. అందరం తలలూపాం. రెండోది ఎడమ, మూడోది కుడి, లెక్క తిరగేసి సరిపోయింది. ఎదుటివాడి కాగితం తప్పని ఒప్పుకోవడం ఎంత సుఖమో! మన కాళ్ల కింది నేల మీద మనకు అనుమానం రావాలన్న ఇంగితం తొమ్మిదిమందిలో ఒక్కడికీ లేకపోయింది. నాతో సహా.

మధ్యాహ్నం మార్తా తిండి పంపేది. మొక్కజొన్న పిండితో కెలికిన ముద్ద, పక్కన ఆకుకూర. అచ్చం మన సంగటే. కుప్పంవాడు రెండు ముద్దలు లాగించి, "రాగులు కావన్నా, అదొక్కటే కొరత. నంజుకోను ఇంత శెనిగ్గింజల ఊరిబిండి ఉంటే ఈడనే ఉండిపోతా" అనేవాడు. "ఉండరా, నీ పెండ్లాము సంతోషపడతాది" అని సుబేదార్ సాబ్ చురక అంటించేవాడు.

పదో రోజు పదకొండింటికి పై మెట్టు చేరాను. ముప్ఫైతొమ్మిదో మెట్టు. దాని పక్కన పదమూడో పాతర. దాన్ని తీసి పేల్చేశాక ఊట కనబడింది. బండ పగుల్లోంచి మణికట్టంత ధార, కింద రాతి తొట్టి. తొట్టిలో నాచు పేరుకుని ఉంది. చేయి పెట్టాను. ఒంట్లోకి చల్లదనం పాకింది. కానీ నాకు సంతోషం కలగలేదు. పదమూడే వచ్చాయి.

రేడియోలో కెప్టెన్ సాబ్ ఇంగ్లీషులో ఆర్డరిచ్చాడు. ఆయన అరవై కిలోమీటర్ల అవతల హెడ్‌క్వార్టర్‌లో ఉన్నాడు. ముప్ఫైతొమ్మిది మెట్లు, మూడేసికి ఒకటి, పదమూడే అవుతాయి, వాడు తప్పు లెక్కపెట్టాడు, రేపు ఏడింటికి నడిచి ఊరికి అప్పగించండి, ఓవర్.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. దారి శుభ్రం చేసినవాడే మొదట దానిమీద నడవాలి. హెల్మెట్ ఉండకూడదు, వెస్టు ఉండకూడదు. ఊరంతా చూస్తుండగా నడవాలి. సంతకం పెట్టిన కాగితం ఎవడు నమ్ముతాడు? వాడి కాళ్లు చూసి నమ్ముతారు. ఈసారి ఆ కాళ్లు నావి.

"సాబ్, నేను నడవను" అన్నాను.

సుబేదార్ సాబ్ ముఖం ఎర్రబడింది. "ఏమప్పా, భయమా? పద్నాలుగేండ్ల సర్వీసు పెట్టుకోని?"

"నా కాళ్ల గురించి కాదు సాబ్. నేను నడిస్తే వాళ్లూ నడుస్తారు. బకెట్లు పట్టుకోని, బిడ్డల్ని ఎత్తుకోని. ఆ పద్నాలుగోది యాడుందో నాకు తెలీదు. తెలీకుండా యాల నడవాల?"

ఆయన తనే రేడియో అందుకుని కెప్టెన్ సాబ్‌తో వాదించాడు. మా సుబేదార్ సాబ్ గట్టివాడు, కోపం ఎంతో న్యాయం అంత. ఒక్కరోజు అదనంగా దొరికింది.

ఈ సంగతి మాస్టరు ఊళ్లో చెప్పగానే మార్తా విసవిసా వచ్చింది. చంకలో గుడ్డ చుట్టిన మూట. నా ముందు పడేసినట్టే పెట్టింది. అట్ట చెదిరిన లావుపాటి నోటు పుస్తకం.

"మీకు కాగితాలే కదా కావాలి? ఇదిగో, ఊరు కట్టినవాళ్ల కాగితం. లారీ ఎక్కేటప్పుడు మా జర్మన్ బడి మాస్టరు నా చేతిలో పెట్టి, మేం వచ్చేదాకా దాచమన్నాడు. ఇరవై ఒక్క ఏళ్లు దాచాను. డేరాలోకి పోతే దీన్నెక్కడ పెట్టుకోను?" అంది. ఆవిడ కళ్లనిండా నీళ్లు. కోపంతో వచ్చిన నీళ్లే అవి.

పుస్తకంలో ఊరి చరిత్ర, భూగోళం అంతా ఉన్నాయి. ఏ ఏడు ఎంత వాన, ఏ ఇంటికి ఎవరు, ఏ గుట్ట ఎంత ఎత్తు, చర్చి గుమ్మం నుంచి ప్రతి చెట్టుకూ ఎన్ని అడుగులు. అంతా జర్మన్ భాష. మాలో ఎవరికీ ఒక్క ముక్క రాదు. కానీ బొమ్మలు భాష అడగవు కదా. ఒక పుటలో కొండ, ఊట, మెట్లు గీసి ఉన్నాయి. పక్కన ఒక అంకె. నలభై రెండు.

అంకె పక్కన మూడు మాటలున్నాయి. అది మెట్ల లెక్కా, మీటర్ల లెక్కా? హెడ్‌క్వార్టర్‌లో హంగరీ దేశపు అబ్జర్వరు ఒకాయన ఉండేవాడు, బళ్లో జర్మన్ చదువుకున్నాడట. కుప్పంవాడు సెట్టు ముందు కూర్చుని ఆ మాటల్ని అక్షరం అక్షరం పంపాడు. ఒక్కో అక్షరానికి ఒక్కో రేడియో మాట: సియెర్రా, టాంగో, యూనిఫాం, ఫాక్స్‌ట్రాట్, ఎకో, నవంబర్. చెమటలు కారుతున్నాయి వాడికి.

"ఏం భాషన్నా ఇది, పలికే దానికంటే అక్షరాలే ఎక్కువుండాయి" అని నా వైపు తిరిగి గొణిగాడు.

అవతలి నుంచి జవాబు వచ్చింది. "ఊటకు రాతి మెట్లు, నలభై రెండు. ఓవర్."

సుబేదార్ సాబ్, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నలభై రెండుకు మూడేసి చొప్పున పద్నాలుగు. పటం గీసినవాడు తప్పు చేయలేదు. కుడి ఎడమా తారుమారు కాలేదు. మూడు మెట్లు లేవు, అంతే. పైన ఖాళీ ఉంటే నాకు తెలిసేది. అయితే అడుగునే.

"మార్తమ్మా, అడుగు మెట్లు మూడు ఎవరు తీశారు?" అని అడిగించాను.

ఇన్ని రోజులూ మేం అడిగింది ఒకటే ప్రశ్న: ఆ దారిలో ఎవరైనా ఎక్కారా అని. ఎవరూ ఎక్కలేదు, నిజమే చెప్పారు. మెట్లు తీయడం ఎక్కడం కాదు కదా. ఆవిడ నన్ను చేయి పట్టుకుని తన వంటింట్లోకి తీసుకుపోయింది. పొయ్యి మీద కుండ ఉడుకుతోంది. కుండ కింద మూడు రాళ్లు. నున్నగా చెక్కిన రాళ్లు, మసిబారి నల్లగా ఉన్నాయి. మందుపాతరలు పెట్టిపోయిన ఏడు, పొయ్యి కూలిపోతే, ఎలాగూ ఎవరూ ఎక్కని మెట్లే కదా అని గడ్డపారతో తనే పెకలించుకొచ్చిందట.

పెకలించిన మూడో మెట్టుకు చేయి చాపినంత దూరంలో ఎడమ పక్కన ఏముందో అప్పుడే అందరికీ తట్టింది. మాస్టరు తర్జుమా చేయాల్సిన పని లేకపోయింది. మార్తా నేలమీద చతికిలబడి తన రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. అవి ఇంకా ఉన్నందుకు ఆశ్చర్యపోతున్నట్టు చూసుకుంది.

ఎడమ పక్కన ఉన్నది జామచెట్టు. పది రోజులు నేను కూలబడిన చోటు. జనం తిరిగే జాగా కదా అని అక్కడ డిటెక్టరే పెట్టలేదు మేం.

మర్నాడు ఆరున్నరకు బోర్లా పడుకున్నాను. ఏడూ పదికి పుల్లకు తగిలింది. జామచెట్టు మొదలుకీ దానికీ మధ్య దూరం జానెడున్నర. నేను చెట్టుకు ఏ పక్క ఆనుకునేవాణ్ణో తలుచుకుంటే ఇప్పటికీ నోరు ఎండిపోతుంది. చుట్టూ మట్టి బ్రష్షుతో తుడిచాను, పక్కన మందు పెట్టాం, అందర్నీ కాఫీ కళ్లం అవతలికి పంపాం. ఏడూ యాభైకి పేల్చాం. జామచెట్టు సగం పోయింది.

"పద్నాలుగు. ఓవర్" అన్నాడు కుప్పంవాడు సెట్టులో. తర్వాత బటను వదిలేసి, "యెంగటరమణా!" అని గట్టిగా అరిచాడు. సుబేదార్ సాబ్ వాణ్ణి తిట్టలేదు.

జాగా అంతా మళ్లీ రెండుసార్లు డిటెక్టరుతో చూశాం. పదిన్నరకు హెల్మెట్, వెస్టు, బూట్లు విప్పేసి మెట్ల కింద నిలబడ్డాను. అడుగున మూడు మెట్ల చోట ఉత్త మట్టి. "ఆగు" అని చేయెత్తింది మార్తా. నలుగురు ఆడవాళ్లు ఆ పొయ్యి రాళ్లను గోనెపట్టాల్లో మోసుకొచ్చారు. కుండ దించి, నిప్పు ఆర్పి, నీళ్లు చల్లి తెచ్చారు. ఒక్కో రాయినీ పాత గుంతలో కూర్చోబెట్టి, మట్టి కూరి, పైకెక్కి అదిమారు. అప్పుడు నాకు దారి వదిలారు.

నేను నడిచాను. గట్టిగా లెక్కపెడుతూ నడిచాను, తెలుగులో. నా వెనక సుబేదార్ సాబ్, ఆయన వెనక మార్తా. నలభై రెండు అన్నాను. సిగ్గేముంది, ఏడ్చాను. కింద ఊరంతా చప్పట్లు కొడుతోంది. మార్తా నాచు తీసి పారేసి తొట్టిలో ముఖం కడుక్కుని, ఆ తడి చేత్తోనే నా చెంప నిమిరింది.

పన్నెండు గంటలకు మేం లారీ ఎక్కాం. పుస్తకాన్ని ఆవిడ మళ్లీ గుడ్డలో చుట్టింది. జర్మన్లు వస్తే ఇస్తావా అని కుప్పంవాడు అడిగించాడు. "ఇస్తాను. ముందు మా పదకొండు కుటుంబాల పేర్లు కూడా రాయించి ఇస్తాను" అంది.

మరుసటి ఏడు బెంగళూరులో దిగాం. కుప్పంవాడు రైలెక్కాడు, నేను మదనపల్లె బస్సెక్కాను. బస్టాండులో టమాటా గంపల మధ్య నిలబడి పుంగనూరు బస్సు కోసం చూస్తుంటే తెలిసినాయన పట్టుకున్నాడు. "ఎవురినన్నా కాల్చినావాప్పా?" అని మొదటి ప్రశ్న. లేదంటే ఆయన ముఖం చిన్నబోయింది. 2004లో రిటైరై ఇంటికొచ్చాక కూడా ఎందరో అదే అడిగారు. మెట్లు లెక్కపెట్టి వచ్చానని చెబితే నవ్వుతారు. నవ్వనీ.

ఆ దేశంలో యుద్ధం మళ్లీ మొదలై 2002లో గానీ ఆగలేదు. కొత్తూరు ఉందో లేదో నాకు తెలిసే దారి లేదు. ఉందనే నా నమ్మకం. ఎందుకంటే లారీ కదిలేటప్పుడు వెనక్కి తిరిగి చూశాను. ఊట నుంచి ఆడవాళ్లు మొదటి బకెట్లు దించుతున్నారు. నీళ్లు తొణికి కాళ్లు తడిసిపోయాయి. అడుగున ఆ మూడు మెట్లు మసితో నల్లగా ఉన్నాయి. ఆ నలుపు మీద వరసగా తడి పాదాలు, కొన్ని పెద్దవి, కొన్ని మరీ చిన్నవి, అన్నీ ఇళ్ల వైపే పోతున్నాయి.